కొండి లేని తేలు

కాగజ్‌నగర్
3 జూలై 2024

భవ్యక్కా,

క్షేమమా అని అడగను. నువ్వు క్షేమంగానే ఉండి ఉంటావు. మీ అత్త చేతిలో పడకూడదని ఇది మీ బడి చిరునామాకు పంపుతున్నాను. ఫోన్ చేయకు, ఎత్తను. మెసేజీ పెట్టకు, చూడను. ఇకమీదట మన మధ్య ఏమున్నా పోస్టులోనే. కవరు అంటుకుందో లేదో వేలితో తడిమి చూసుకోవచ్చు. మెయిల్‌కు జిగురు ఎక్కడ రాస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

నిన్న మధ్యాహ్నం గాజుల కొట్టు నూరీన్ కనుబొమ్మలు చేయించుకోవడానికి వచ్చింది. చెల్లెలి కాన్పుకని కరీంనగర్ పోయి వచ్చిందట. కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి, "జర ఇది చూడు వందనా, బస్టాండ్ ముంగట కట్టిన్రు. తెల్లమచ్చ మొత్తం పోయిందట. మా ఆడబిడ్డకు చెప్పాలె" అంది. చూశాను. పెద్ద ఫ్లెక్సీ. పైన ఆ చర్మం డాక్టరు కోటు వేసుకుని చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. కింద ఎడమవైపు "ముందు", కుడివైపు "తర్వాత". ముందు అన్నచోట ఉన్నది నా భుజం అక్కా. నా మచ్చ, దాని పక్కన నా తేలు పచ్చబొట్టు.

దారం చేతిలోనే తెగిపోయింది. నూరీన్ కనుబొమ్మ సగంలో ఆపి, కరెంటు పోయిందని అబద్ధం చెప్పి పంపేశాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పాపం నూరీన్ అది కూడా చూసింది.

నేను చేసే పనేమిటో నీకు తెలుసు. కాగితం మిల్లు మళ్ళీ తెరిచిన ఏడాది పెట్టిన పార్లర్ ఇది. పదిమంది మొహాలు నున్నగా చేసి బతుకుతున్నదాన్ని. నాకే మచ్చ ఉందని తెలిస్తే నా చేత్తో రాసిన క్రీము ఎవరు రాయించుకుంటారు? అది అంటుకునే రోగం కాదని డాక్టర్లు వెయ్యిసార్లు చెప్పనీ, నా కుర్చీలో కూర్చునేవాళ్ళు వినరు. మా అమ్మకు కూడా చెప్పలేదు. చెప్పింది ఒక్క నీకే. పార్లర్ ఫోన్ అందరూ డిజైన్లు చూడడానికి పట్టుకుంటారని, నా మెయిల్ అందులో తెరిచి ఉంటుందని, నీ మెయిల్ నుంచి డాక్టరుకు పంపాం. నీ ఇంటి మేడ మీద గదిలో, నీ ఫోన్‌తో, నువ్వే ఫొటో తీశావు. అంటే ఆ ఫొటో నా దగ్గర లేదు. నీ దగ్గరుంది, డాక్టరు దగ్గరుంది.

మీ బాబుకు గజ్జి వస్తే ఆ క్లినిక్‌లో నంబరు లేకుండానే లోపలికి పంపుతున్నారని పోయిన నెల ఫోన్‌లో నువ్వే మురిసిపోయావు. ఎందుకు పంపుతున్నారో ఇప్పుడు తెలిసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది నా పని.

నేను ఊరుకోను. డాక్టరును ముందు చూస్తాను, తర్వాత నిన్ను. నా దగ్గర బ్లీచు డబ్బాలకు కొదవ లేదు.

చెల్లె అని రాయడానికి చేయి రాని,
వందన


కరీంనగర్
8 జూలై 2024

వందనా,

నీ ఉత్తరం మా హెడ్మాస్టర్ చేతుల మీదుగా వచ్చింది. ఈ రోజుల్లో ఉత్తరమా అని ఆయన కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. పదో తరగతి పిల్లల జవాబు పత్రాలు దిద్దుతూ మధ్యలో చదివాను. తర్వాత ఎవరికి ఎన్ని మార్కులు వేశానో దేవుడికే తెలియాలి.

నీకు కోపం వచ్చింది, సరే. నాకేం వచ్చిందో విను. ఆ ఫ్లెక్సీ నీకంటే ముందు చూసింది మా అత్త. వేములవాడ పోయి కోడె మొక్కు చెల్లించి వస్తూ బస్సు దిగింది, తలెత్తింది, చూసింది. నెలనెలా నా తలకు నూనె పెట్టే మనిషి, నా జాకెట్టు అంచున తొంగిచూసే తేలు ఆమెకు తెలియదా? ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా, "బిడ్డా, జాకెట్టు జర పక్కకు జరుపు" అంది. జరిపాను. నా భుజం నున్నగా ఉంది కదా, ఇంతటితో అయిపోతుందనుకున్నాను. ఆమె చాలాసేపు చూసి, "అవ్, తగ్గింది" అంది.

అర్థమైందా? నా భుజం మీద మచ్చ లేకపోవడమే నాకు మచ్చ ఉండేదని సాక్ష్యం అయింది. పెళ్ళినాటికే ఉందని, దాచి అంటగట్టారని, మా అమ్మను తిట్టింది, చచ్చిపోయిన మన అమ్మమ్మ బుచ్చవ్వను కూడా తిట్టింది. ఇప్పుడు నా తువ్వాల వేరు, నా కంచం వేరు. బాబుకు నేను అన్నం కలిపి పెడితే గిన్నె లాక్కుంటోంది. సుధాకర్ తల్లికి ఎదురు చెప్పడు, నాకు ఎదురు పడడు. నోరున్న మొగుడైతే కనీసం తిట్టుకోవచ్చు.

క్లినిక్‌కు పోయి అడిగాను, ఎవరినడిగి పెట్టారని. కౌంటర్లో పిల్ల కంప్యూటర్ చూసి చల్లగా చెప్పింది: "పేషెంటే ఒప్పుకున్నది మేడం, మెయిల్ల రాసింది." ఇప్పుడు చెప్పు, నువ్వేం రాశావు? మచ్చలు తగ్గాలంటే వందన పార్లర్‌కు రండి అని కింద నీ ఫోన్ నంబరు కూడా వేయిద్దామనుకున్నావా? నన్ను అనడానికి నీకు నోరెట్లా వచ్చింది?

బాబును నంబరు లేకుండా పంపింది బడిలో ఆ డాక్టరు పిల్లకు నేను చదువు చెప్తున్నందుకు. నీ భుజం అమ్మినందుకు కాదు.

ఇంకొక్క మాట. ఇంత జరిగినా అది నీ భుజమని నేను ఇంట్లో చెప్పలేదు. చెప్పనని మేడ మీద నీకు మాటిచ్చాను. నీ ఉత్తరం చదివాక ఎందుకిచ్చానా అనిపిస్తోంది.

భవ్యశ్రీ


కాగజ్‌నగర్
13 జూలై 2024

అక్కా,

నీ కంచం వేరైందని చదివి అన్నం తినబుద్ధి కాలేదు. కానీ నా అనుమానం పోలేదు, దాచి రాయడం నాకు రాదు.

ముందు నేను ఒప్పుకున్నాననే మాట. ఆ మెయిల్ చివర ఏం రాశానో నాకు గుర్తుంది, నువ్వు పక్కనే ఉన్నావు. మచ్చ ఎప్పుడు మొదలైందో, పార్లర్ సంగతీ, ఎవరికీ తెలియవద్దనీ అంతా రాశాక, "తగ్గితే మీ పేరు పదిమందికి చెప్తాను సార్" అని రాశాను. మర్యాదకు రాస్తాం కదక్కా. కుట్టుమిషన్ బాగుచేసేవాడితోనూ అంటాం, పళ్ళ డాక్టరుతోనూ అంటాం. చెప్తానంటే నేను చెప్తానని. నా భుజాన్ని చౌరస్తాలో వేలాడదీసి చెప్పించుకొమ్మని కాదు. పైగా తగ్గితే అన్నాను. తగ్గలేదు. ఆయన రాసిన గోలీలు మింగాను, మందు పూశాను. అది ఇప్పుడు మెడ వైపు పాకుతోంది. ఇంత ఉక్కపోతలోనూ నేను మెడ దాకా గుండీలున్న జాకెట్లు వేసుకుంటున్నాను.

ఇప్పుడు నా ప్రశ్న. నాకు తగ్గనప్పుడు "తర్వాత" అన్నచోట ఉన్న నున్నని భుజం ఎవరిది?

నూరీన్‌ను ఆ ఫొటో పంపమని, పెద్దది చేసి చూశాను. దాని మీదా తేలుంది. నీకు గుర్తుందా, చిన్నప్పుడు రాజన్న జాతరలో బుచ్చవ్వ మనిద్దరినీ పచ్చబొట్లు పొడిచే ఆమె ముందు కూర్చోబెట్టింది. తేలు పొడిపించుకుంటే విషప్పురుగు దగ్గరికి రాదని. నువ్వు పళ్ళు బిగించి కూర్చున్నావు. నేను సగంలోనే ఏడ్చి లేచి ఉరికాను. అందుకే నా తేలుకు కొండి లేదు. ఇంట్లో ఎవరు అలిగినా, ఎవరు కొట్లాడినా, "వందనది కొండి లేని తేలు, కుట్టదు" అని అందరూ నవ్వేవాళ్ళు. ఎక్కువ నవ్వింది నువ్వే.

ఫ్లెక్సీ మీద "తర్వాత" తేలుకు కొండి ఉంది. అలాంటి తేలు మన ఇంట్లో ఒక్కదాని భుజం మీదే ఉంది. నువ్వు ఆ ఫొటోకు ఎప్పుడు కూర్చున్నావు? ఎవరు తీశారు? నిజం చెప్తే తిట్టి ఊరుకుంటాను. అబద్ధం చెప్తే మీ అత్త పక్కన చేరతాను.

నిద్ర లేక మొహం ఉబ్బిన,
వందన


కరీంనగర్
19 జూలై 2024

వందనా,

నీ ఉత్తరం చదివి మొదట చింపేద్దామనుకున్నాను. తర్వాత స్టాఫ్ రూంలో కూర్చుని ఫోన్‌లో మనం పంపిన ఆ మెయిల్ తెరిచాను. ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా తెరిచి చూడని నా తెలివికి దండం పెట్టాలి.

అందులో ఒక్క ఫొటో లేదు. రెండున్నాయి.

గుర్తు తెచ్చుకో. ఆ రోజు మేడ గదిలో నువ్వు సిగ్గుపడి జాకెట్టు జరపలేదు. వెలుతురు సరిపోతుందో లేదో ముందు నాది తీసి చూడమన్నాను. నువ్వే తీశావు, "నీ భుజం కూడా బడి పంతులమ్మ లెక్కనే ఉన్నది, సాపుగ" అని నవ్వావు. తర్వాత నీది నేను తీశాను. పంపేటప్పుడు కింద నుంచి బాబు ఏడుపు వినిపించి, ఉన్నవన్నీ నొక్కేశాను. నీ భుజం, దాని పక్కన నా భుజం. ఒకే మెయిల్‌లో, ఒకే రోజు.

అదీ సంగతి. ఆ మనిషి మందు రాయకముందే మనం ఆయనకు "ముందు", "తర్వాత" రెండూ పంపించేశాం. తప్పు నాది, నొక్కింది నా వేలే. కానీ వందనా, మనకు వేలు జారింది. ఆయనకు ఏం జారింది? ఒకే రోజు వచ్చిన రెండు ఫొటోలు, మధ్యలో ఒక్క గోలీ కూడా మింగలేదు. కొండి లేని తేలు ఒకటి, ఉన్నది ఒకటి. చర్మం చూసి బతికే డాక్టరుకు కళ్ళ ముందున్న తోలు కనబడలేదా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా భుజం తీసి నీకు తగిలించాడు.

ఇంకా ఉంది. ఆ ఫ్లెక్సీ కొట్టింది అంజన్న, మా బడి వార్షికోత్సవానికి బ్యానర్లు చేసేవాడే. పోయి అడిగాను. మంచోడే పాపం, దాచలేదు. "నాకేమెర్క మేడం? సారు మెయిల్ మొత్తం నాకే పంపిండు, రెండు ఫొటోలు తీసి పెట్టుమన్నడు. మా పోరగాళ్ళు సుత సదివిన్రు" అన్నాడు. మొత్తం అంటే మొత్తం. నీ పార్లర్ సంగతి, మీ అమ్మకు కూడా చెప్పలేదన్న మాట, ఎవరికీ తెలియవద్దని రాసిన మాట, పైన నా పేరు. ఫ్లెక్సీ దుకాణంలో ఇంకు డబ్బాల మధ్య మన గుట్టు రోజంతా తెరిచి ఉంది. చర్మం డాక్టరుకు చెప్పింది చాకిరేవులో ఆరేసినట్టయింది.

డాక్టర్ల మీద ఫిర్యాదులు తీసుకునే మండలికి కాగితం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. వాళ్ళు తేల్చేసరికి బాబు డిగ్రీకి వస్తాడేమో. నాకు అంత ఓపిక లేదు. ఇంట్లో నా కంచం ఇంకా వేరుగానే ఉంది. నిన్న అత్త నా తువ్వాలను కర్రతో ఎత్తి తీగ మీద వేసింది. నేను ఏడవలేదు. ఆ కర్రను చూస్తూ నిలబడ్డాను. నాకు ఇప్పుడు నీకంటే ఎక్కువ పగ ఉంది.

మచ్చ ఉన్న భుజం ఎవరిదని సుధాకర్ నిన్న మొదటిసారి నోరు తెరిచి అడిగాడు. చెప్పలేదు. చెప్పను కూడా. నీ బతుకు అందులో ఉంది. బుచ్చవ్వ మీద ఒట్టు.

అక్క


కాగజ్‌నగర్
23 జూలై 2024

అక్కా,

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను. బ్లీచు డబ్బా మాట మాత్రం ఉండనీ, అది డాక్టరుకు.

నువ్వు చెప్పవద్దు. నా గుట్టు నువ్వు కంచం పక్కన పెట్టుకుని మోయడం ఇక చాలు. అది నాది, ఎవరికి చూపించాలో నేను చూసుకుంటాను. రాత్రంతా ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఆ డాక్టరు దగ్గర కాగితాలున్నాయి, కౌంటరుంది, నేను ఒప్పుకున్నానన్న సాక్ష్యం కూడా ఉంది. ఆయన దగ్గర లేనిది నా భుజం ఒక్కటే. మచ్చ ఇంకా నా మీదే ఉంది. తగ్గనందుకు మొదటిసారి సంతోషంగా ఉంది.

నువ్వు ఆయనకు ముందుగా ఏమీ తెలియనివ్వకు. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందంటారు. ఈ ఒక్క రోజుకు పెత్తనం నాకియ్యి.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఆదివారం క్లినిక్ నిండా జనం ఉంటారు కదా. మీ అత్తను ఎట్లాగైనా తీసుకురా, నీ మచ్చ మళ్ళీ రాకుండా డాక్టరును అడుగుదామని చెప్పు, ఆ మాటకు పరుగెత్తుకొస్తుంది. వెనక మెడ లోతుగా కత్తిరించిన జాకెట్టు వేసుకో, నీ పెళ్ళి రిసెప్షన్‌కు కుట్టించింది ఉందిగా. పట్టకపోతే పిన్నీసులు నేను తెస్తాను.

నాకు భయంగా ఉంది. ఐనా వస్తున్నాను.

వందన


కరీంనగర్
29 జూలై 2024

నా వందనకు,

బస్సు తప్పుతుందని నువ్వు చున్నీ కూడా సరిగ్గా వేసుకోకుండా పోయావు. పోయాక ఏం జరిగిందో చెప్పాలి కదా.

ముందు నువ్వు చేసినదే ఇంకోసారి రాసుకుంటాను, నాకు తృప్తి. హాలు గోడకు అదే ఫ్లెక్సీ చిన్నది కట్టి ఉంది. నువ్వు దాని కింద నిలబడి, వీపు మీద కప్పుకున్న చున్నీ తీసి కుర్చీ మీద వేశావు, గోడ వైపు మొహం తిప్పి జనానికి వీపు చూపించావు. నన్ను పక్కకు లాగి నిలబెట్టావు. "అందరు జర చూడున్రి. ముందు నాది, తర్వాత మా అక్కది. సారు మందు పూస్తే మచ్చ పోయిందట. సరే. తేలుకు కొండి ఎట్ల మొలిసింది?" అన్నావు. ఆ చివరి మాటకు ఎవరో పకపకా నవ్వారు. అక్కడితో ఆయన పని అయిపోయింది.

డాక్టరు గది నుంచి బయటికి వచ్చి, "ఏంటమ్మా ఈ గొడవ? మీరే రాశారు కదా, మా పేరు పదిమందికి చెప్తానని" అన్నాడు. నువ్వు తిరిగి ఆయన మొహంలోకి చూసి, "అవ్ సార్, రాసిన. గందుకే కాగజ్‌నగర్ నుంచి వచ్చిన. చెప్తున్న" అన్నావు. వందనా, ఆ మాట సుధాకర్‌కు ఎన్నిసార్లు చెప్పానో.

నువ్వు మెట్లు దిగాక జమ్మికుంట నుంచి వచ్చిన ముసలాయన ఒకడు లేచి, "సారూ, నేను నా తొడ ఫొటో పంపిన. అది ఏ చౌరస్తల కట్టిన్రు?" అని అడిగాడు. ఒక పెళ్ళికాని పిల్ల ఏడుస్తూ, తను పంపినవి తన కళ్ళ ముందే తీసేయమని కౌంటరు పట్టుకుంది. ఎవరెవరు ఏమేం పంపారో అందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. డాక్టరు "అది మా స్టాఫ్ పొరపాటు" అని మొదలుపెట్టాడు. కౌంటరు పిల్ల లేచి, "నేనేం చేసిన సార్? మీరే కదా అంజన్నకు పంపింది" అంది. పొద్దుటి వరకు సార్ అంటే దేవుడన్న పిల్లే. బస్టాండ్ దగ్గరి ఫ్లెక్సీని సాయంత్రానికల్లా తీయించారు. అంజన్న దాన్ని మడిచి మా ఇంటికి తెచ్చాడు, పాపం, వద్దన్నా వినలేదు. ఇద్దరం సంతకం పెట్టిన కొత్త ఫిర్యాదు కూడా పోతుంది, నీ సంతకం కింద తేదీ లేదు, ఈ కవర్లోనే పెట్టాను, వేసి పంపు.

ఇక మా అత్త. అక్కడ మన వెనకే నిలబడి అంతా చూసింది. ఇంటికి రాగానే నా కంచం తెచ్చి తన కంచంలో పెట్టి కడిగింది. తలకు నూనె పెడతా రమ్మంది. నేను పోలేదు. "మీ తువ్వాల ఆ కర్ర మీద ఆరేసిన అత్తమ్మా, తీసుకోన్రి" అన్నాను. మొహం పాలిపోయింది. కొన్నాళ్ళు అట్లాగే ఉడకనీ. నూనె పెట్టించుకుంటానేమో, దసరాకు.

నీకు అక్కడ ఎట్లా ఉందో రాయి. హాలులో ఫోన్లు పైకెత్తిన వాళ్ళను చూశాను, నీ వీపు ఈపాటికి మీ ఊరు చేరి ఉంటుంది. ఈసారి నాకు దుఃఖం వచ్చింది.

ఫ్లెక్సీని పార్శిల్ చేస్తున్నాను. కాల్చుకుంటావో, చింపుకుంటావో నీ ఇష్టం.

నీ అక్క


కాగజ్‌నగర్
6 ఆగస్టు 2024

అక్కా,

వీపు నాకంటే ముందే చేరింది. నేను బస్సు దిగేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. "నాకెందుకు చెప్పలే" అని ఒక్క మాట అడిగి, జాకెట్టు జరిపి మచ్చ మీద చేయి వేసి చూసింది. ఆమె చేయి చల్లగా ఉంది.

శ్రావణ మాసం పెళ్ళికూతుళ్ళలో ఇద్దరు రామన్నారు. ఒకామె వచ్చి, నన్ను కాకుండా నా చేతులను చూసి వెళ్ళిపోయింది. ఏడ్చాను. ఏడ్చి, వెనక మెడ లోతుగా కోసిన జాకెట్టు వేసుకుని పార్లర్ తెరిచాను. ఉక్కపోతకు ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. దాచుకోవడానికి ఇక నా దగ్గర ఏమీ లేదు, అందుకే పీక్కోవడానికి ఎవరికీ ఏమీ లేదు. వారం దాకా కుర్చీ ఖాళీ. తర్వాత నూరీన్ వచ్చి కూర్చుంది. "ఒక కనుబొమ్మ సగంల ఇడిసిపెట్టినవ్, జనం నవ్వుతున్నరు. పూరా చెయ్" అంది. ఆమె వెనక ఆమె ఆడబిడ్డ నిలబడి ఉంది, చేతుల మీద తెల్లమచ్చలతో. ఆమెకు గోరింటాకు పెట్టాను.

ఫిర్యాదు మీద తేదీ వేసి పంపాను. ఎన్నేళ్ళు పట్టినా వదలను, బాబు డిగ్రీ అయ్యాక నాతోపాటు తిరుగుతాడు.

పార్శిల్ అందింది. కాల్చలేదు, గట్టి ఫ్లెక్సీ, కాలిస్తే కంపు. మన భుజాలున్న కింది సగం కత్తిరించి తీశాను. తేళ్ళు రెండూ పక్కపక్కన గోడకున్నాయి, కొండి లేనిదీ, ఉన్నదీ. డాక్టరున్న పై సగం జుట్టు కత్తిరించే కుర్చీ కింద పరిచాను, మొహం పైకి పెట్టి. రోజంతా ఊరి జుట్టు ఆయన మీద పడుతుంది. సాయంత్రం నేనే ఊడుస్తాను.

నీ చెల్లె,
వందన